ఎవరూ ఎత్తని ఫోన్

కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన మా ఫ్యోర్డ్‌లో ఎవరింటికి ఫోన్ వచ్చినా అందరి ఇళ్లలోనూ మోగేది. తీగ ఒక్కటే. ఎవరికి వచ్చిందో గంటలను బట్టి తెలుసుకోవాలి. మా ఇంటికి రెండు పొట్టి గంటలు, కొండవాలులో ఉన్న ఫిన్నా వాళ్లకి ఒక పొట్టి ఒక పొడుగు, దుకాణానికి రెండు పొడుగు గంటలు. దుకాణం గంట మోగితే మా అమ్మ గ్రోవా చేతిలో ఉన్న పని వదిలేసి, తడి చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, రిసీవర్ ఎత్తి, మాట్లాడే చోట అరచెయ్యి అడ్డం పెట్టి వినేది. అమ్మ ఒక్కతే కాదు. కొండకీ నీటికీ మధ్య ఇరుక్కున్న ఆ కాస్త ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అదే పని.

వినడం అందరూ చేసేవారు. విన్నానని మాత్రం ఎవరూ అనేవారు కాదు. ఎవరికైనా ఆడపిల్ల పుట్టిందని పొద్దున ఫోన్‌లో తెలిస్తే, మధ్యాహ్నం ఆ ఇంటికి కాఫీకి వెళ్లి, "అవునా, ఎప్పుడు?" అని ఆశ్చర్యపోవాలి. పసిపిల్లకి అల్లిన మేజోళ్లు అప్పటికే సంచిలో ఉండేవి. వాటి గురించి ఎవరూ అడిగేవారు కాదు. అది మా మర్యాద.

అయినా ఎవరు వింటున్నారో తెలిసిపోయేది. ఎత్తిన ప్రతి రిసీవర్‌తోనూ ఆ ఇంటి చప్పుడు లైన్లోకి వచ్చేది. యోఆకిం ముసలాయన ఇంట్లో గోడగడియారం, ఫిన్నా ఇంట్లో కుక్క, మా ఇంట్లో పొయ్యి మీద మూత కదిలే కెటిల్. ఇంకొకటి కూడా ఉంది. ఫోన్ పెట్టెలో ఉన్న బ్యాటరీ శక్తి కొంచెమే. ఒక్కొక్కరు ఎత్తుతున్నకొద్దీ మాట్లాడేవాళ్ల గొంతు సన్నగిల్లి దూరమయ్యేది. అలాంటప్పుడు దుకాణం నుంచి మా పెద్దమ్మ హల్బెరా అరిచేది.

"యోఆకిం, నీ గడియారం వెనక నడుస్తోంది. సరిచేసుకుని పెట్టెయ్. ఫిన్నా, కుక్కకి ఏమన్నా పెట్టు. గ్రోవా, నీ నీళ్లు మరిగిపోయాయే."

టక్, టక్, టక్. రిసీవర్లు పడిపోయేవి. గొంతు మళ్లీ దగ్గరికొచ్చేది. ఆ సాయంత్రం దుకాణంలో కలిసినప్పుడు యోఆకిం గడియారం సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు, యోఆకిం కూడా.

పెద్దమ్మ పోయి ఒక చలికాలం గడిచింది. ఆవిడ గురించి రాయాలని కూర్చున్న ప్రతిసారీ నాకు ముందు ముక్కుకి తగిలేది ఆపిల్ పండు వాసన. దాని గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పలేను.

మా ఐస్‌లాండ్ తూర్పు తీరంలో నేలలో పండేవి బంగాళాదుంపలు, టర్నిప్పులు, ఇంటి వెనక పుల్లటి రూబార్బ్ కాడలు. వేసవి చల్లగా పోతే దుంపలు కూడా గోలీలంతే ఊరేవి. మిగతావన్నీ ఓడలోనే రావాలి. పిండి, చక్కెర, ఉల్లిపాయలు, కాఫీ గింజలు. రోడ్డు లేదు. కొండల మీద కనుమ దారి శరత్కాలంలోనే మంచుతో మూసుకుపోయేది. రాజధాని రేక్యవీక్ నుంచి బయల్దేరిన ఓడ తీరం వెంట ఒక్కో రేవూ ఆగుతూ మా దాకా వచ్చేసరికి ఉల్లిపాయలు మొలకలెత్తి ఉండేవి, పిండి మూట ఒక పక్క సముద్రపు నీటికి గడ్డకట్టి ఉండేది. గడ్డకట్టింది పగలగొట్టి వాడుకునేవాళ్లం. ఓడ ఆలస్యమైతే వంట మారేది. ఓడ రాకపోతే మాటలు మారేవి.

"ఏముంది హల్బెరా ఇవాళ?" అని తలుపు తీస్తూనే అడిగేవారు.

"ఉప్పుంది, ఓపికుంది. ఏది కావాలి?"

"ఓపిక పోయినసారి తీసుకున్నదే ఇంకా వాడలేదు."

"అయితే ఉప్పు తీసుకో. అది పాడవదు."

ఆపిల్ పళ్లు మాత్రం ఏడాదికొక్కసారి, క్రిస్మస్‌కి. యుద్ధం అయిపోయిన ఆ రోజుల్లో పళ్ల దిగుమతికి ప్రభుత్వం అనుమతి ఇచ్చేది అప్పుడే. ఎక్కడో దక్షిణ దేశాల తోటల్లో కోసిన పళ్లు చెక్కపెట్టెల్లో, ఒక్కోదానికి పల్చటి ఊదారంగు కాగితం చుట్టుకుని రేక్యవీక్‌లో దిగేవి. అక్కణ్నుంచి ఓడ. ఓడ నుంచి మా పడవ. పడవ నుంచి పెద్దమ్మ తక్కెడ. పెట్టె మూత ఊడదీసిన రోజున దుకాణం తలుపు తీస్తే ఆ వాసన గడ్డకట్టిన బాట దాకా వచ్చేది. ఇవాళ్టికీ మా వయసు వాళ్లకి క్రిస్మస్ అంటే ఆ వాసనే. ఆడవాళ్లు ఒక పండు బట్టల సొరుగులో దాచేవారు, జనవరి అంతా దుస్తులకి పట్టి ఉండాలని. మేం మా వాటా పండుని చొక్కా చేతికి రుద్ది రుద్ది అద్దంలా చేసి, తినకుండా రోజులు గడిపేవాళ్లం.

పెద్దమ్మ పంచే పద్ధతి ఒకటుంది. ప్రతి పండునీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. దెబ్బతిన్నవి తనకి. మిగిలినవి ఇంట్లో తలల లెక్కన. తల అంటే తొట్టెలో పిల్లయినా తలే, మంచం దిగని ముసలమ్మయినా తలే. ఎవరూ బేరమాడింది లేదు.

ఆ పెట్టెలు ఓడ నుంచి ఒడ్డుకి తెచ్చేవాడు ఆవిడ భర్త ఓగ్ముండుర్. మా ఊరికి రేవుకట్ట లేదు. ఓడ ఫ్యోర్డ్ నోటి దగ్గర కొండముక్కు అవతల లంగరు వేసేది. ఓగ్ముండుర్, అతని తోడు బార్దుర్, మోటారు పడవలో అక్కడిదాకా వెళ్లి సామాను దించుకోవాలి. బార్దుర్ ఫిన్నా మొగుడు. ఇద్దరూ కలిసి ఉన్నప్పుడు ఓగ్ముండుర్ ఒక్కడే మాట్లాడేవాడు. బార్దుర్ తల ఊపేవాడు. ఓగ్ముండుర్ పెద్దమ్మని అందరి ముందూ దొరసానీ అని పిలిచేవాడు.

"దొరసానీ, నీ పిండి మూట మోసి నా నడుం పోయింది."

"మూట కాదు కప్తాన్ గారూ, నిన్న రాత్రి తిన్న మాంసం."

అలా ఉండేది వాళ్ల సంసారం. పిల్లల్లేరు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఆ ఏడాది అన్నీ ఆలస్యమయ్యాయి. అనుమతి ఆలస్యం, పళ్ల ఓడ ఆలస్యం. తర్వాత రేక్యవీక్ రేవులో కూలీల సమ్మె. పళ్లు వచ్చాయి గానీ దించేవాళ్లు లేరని రేడియోలో చెప్పారు. తర్వాత సమ్మె తీరిందన్నారు. మళ్లీ లేదన్నారు. ఊళ్లో ఎవరు ఎదురుపడినా అదే మాట. ఆకుల్లా కోసి వేయించే పల్చటి రొట్టెలకి పిండి చాలదు, కాఫీ అడుగంటింది, అయినా అందరూ అడిగింది ఆపిల్ పళ్ల గురించే. పెద్దమ్మ విసుగెత్తి, "నన్ను చూస్తే చెట్టులా కనిపిస్తున్నానా?" అంది ఒకసారి.

క్రిస్మస్ దగ్గర పడ్డాక ఒక పొద్దున, ఇంకా సరిగ్గా వెలుతురు రాకముందు, రెండు పొడుగు గంటలు మోగాయి. దుకాణానికి. ఓడ నుంచి కబురు రావలసిన రోజది. పక్క ఫ్యోర్డ్ రేవులో ఆగి ఉన్న ఓడ నుంచి మేటు, అంటే కెప్టెన్ తర్వాతివాడు, ఒడ్డుకొచ్చి ఫోన్ చేస్తున్నాడు.

ఊరంతా ఎత్తింది. మామూలుగా వినేవాళ్లే కాదు, ఎప్పుడూ ఎత్తనివాళ్లు కూడా ఎత్తారు. గడియారం, కుక్క, కెటిల్, దగ్గు, పిల్ల ఏడుపు అన్నీ ఒకేసారి లైన్లోకి వచ్చాయి. వాటి అడుగున ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు మేటు గొంతు. పెద్దమ్మ ఈసారి అరవలేదు. అరిస్తే ఆ కాస్తా పోతుందని భయపడింది.

ఆవిడ చెవికి చేరింది ఇది: "పడవ పంప… ండి… ఆపిల్… ఎక్కించ…" తర్వాత గరగర. తర్వాత పక్క ఫ్యోర్డ్ వైపు లైన్ తెగింది.

ఓగ్ముండుర్ కిటికీ దగ్గర నిలబడి సముద్రం చూస్తున్నాడు. ఈశాన్యం గాలి లేస్తోంది. కొండముక్కు దగ్గర నీళ్లు తెల్లగా విరుగుతున్నాయి.

"ఈ గాలికి ఓడ ఆగదు దొరసానీ."

"ఆగుతాడట. పడవ పంపమన్నాడు. ఆపిల్ పళ్లు ఎక్కించారట."

"విన్నావా?"

"విన్నాను."

ఎవరూ అనని మాట ఆవిడ అన్నది అప్పుడే. అది ఆవిడకొచ్చిన ఫోన్, ఆవిడ అనొచ్చు. ఓగ్ముండుర్ బార్దుర్ ఇంటికి ఫోన్ చేసి, పడవ తీస్తున్నాం రమ్మన్నాడు. ఇద్దరూ కొండముక్కు దాటడం మా కిటికీలోంచి అమ్మ చూసింది. పళ్లు పెట్టుకోవడానికి ఖాళీ బుట్ట తీసి తుడుస్తూ చూసింది.

ఓడ ఆగలేదు. దూరంగా, ఆగే ఉద్దేశమే లేనట్టు, ఉత్తరానికి వెళ్లిపోయింది. దాని కోసం ఆ అలల్లో కాచుకున్న పడవ ఏమైందో చూసినవాళ్లు లేరు. తర్వాత ఒక తెడ్డు, ఓగ్ముండుర్ ఊలు చేతి తొడుగు ఒకటి ఒడ్డుకొచ్చాయి. మనుషులు రాలేదు.

జిల్లా అధికారి వచ్చి బడిలో అందరినీ కూర్చోబెట్టాడు. పంపవద్దని చెప్పానని మేటు అంటున్నాడు. పంపమన్నాడని హల్బెరా అంటోంది. మధ్యలో ఫోన్ కలిపే మనిషి, కలిపి వదిలేశాను, వినలేదు అంది.

"ఈ ఊళ్లో ఇంకెవరైనా విన్నారా?" అధికారి అడిగాడు.

ఎవరూ కదల్లేదు.

"అంత ఎదురుచూసిన కబురు వస్తే ఒక్కరూ ఎత్తలేదు?"

యోఆకిం ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "పక్కవాళ్ల మాట వినడం మర్యాద కాదు కదండీ."

అధికారి చాలాసేపు ఆయన్ని చూసి టోపీ పెట్టుకున్నాడు. అందరూ పెద్దమ్మ వైపు చూడకుండా బయటికొచ్చారు. ఓడవాళ్లు తమ తప్పు కప్పుకోవడానికి అలాగే చెప్తారని దారిలో ఒకరితో ఒకరు అనుకున్నారు. గట్టిగానే అనుకున్నారు, ఆవిడకి వినపడేలా.

ఆ క్రిస్మస్‌కి చర్చిలో ఇద్దరికీ పాట పాడారు, శవపేటికలు లేకుండానే. పళ్లు ఫిబ్రవరిలో వచ్చాయి. ఇంకెవరి పడవలోనో దిగాయి. దారిలో గడ్డకట్టి కరిగి, ఊదారంగు కాగితంలో గోధుమరంగు ముద్దలుగా ఉన్నాయి. పెద్దమ్మ వాటినీ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత పెట్టె మొత్తం గొర్రెల ముందు పెట్టించింది. గొర్రెలు కూడా సగమే తిన్నాయి.

దుకాణం మానలేదు ఆవిడ. తక్కెడ అదే, చేతులు అవే. "ఏముంది హల్బెరా?" అని ఎవరైనా పాత అలవాటుకొద్దీ అంటే, "ఉప్పుంది" అనేది. రెండో మాట అనేది కాదు. పిండి తూచుతూ తూచుతూ ఆగి, కొనేవాళ్ల మొహం చూసేది. ఆ చూపు తట్టుకోలేక కొందరు చక్కెర మర్చిపోయి వెళ్లేవారు. ఆవిడకి కావలసింది ఒక్కటే, నాకు తర్వాత చెప్పింది. ఆ మాట 'పంపండి' అయితే మేటు ఇద్దరు మగవాళ్లని చంపాడు. 'పంపకండి' అయితే తను చంపింది. ఆ ఒక్క అక్షరం ఈ ఊళ్లో ఎవరి చెవిలోనో ఉంది. అది తెలియకుండా ఓగ్ముండుర్‌తో మాట్లాడటానికి తనకి మొహం లేదు.

ఎందుకంటే ఆయన లైన్లో ఉన్నాడని ఆవిడ నమ్మకం. ఎవరు ఫోన్ చేసినా, అందరి చప్పుళ్లూ వచ్చాక, చివర ఇంకొక రిసీవర్ ఎత్తిన టక్ మనే శబ్దం వచ్చేదట. దాని వెనక గడియారం లేదు, కుక్క లేదు, గాలి కూడా లేదు. ఏ ఇల్లూ లేని రిసీవర్. మొదట పెద్దమ్మ ఒక్కతే అంది. తర్వాత అమ్మ కూడా ఒకసారి రిసీవర్ పెట్టేసి, తెల్లబోయి, కెటిల్ దించి కుర్చీలో కూర్చుంది. ఏమైందే అని నాన్న అడిగితే, "ఏం లేదు, ఒకరు ఎక్కువున్నారు" అంది.

మరుసటి క్రిస్మస్‌కి ఏ ఆలస్యమూ లేదు. సముద్రం పాలగిన్నెలా ఉంది. ఓడ చెప్పిన రోజుకి వచ్చింది. పెట్టెలు పొడిగా దిగాయి. పెద్దమ్మ మూతలు ఊడదీసింది. వాసన బాట దాకా వచ్చింది. మేమంతా బుట్టలతో బారులు తీరాం.

మొదట నిలబడింది యోఆకిం. పెద్దమ్మ పళ్లమీద గోనెపట్టా కప్పి, దానిమీద చెయ్యి పెట్టి అడిగింది.

"ఆ రోజు నీకేం వినిపించింది?"

"ఏ రోజు?"

"నీకేం వినిపించిందో చెప్పు. నీ వాటా తీసుకెళ్లు."

"నాకు చెవుడు, హల్బెరా. ఊరందరికీ తెలుసు."

"సరే. తర్వాత ఎవరు?"

తర్వాతివాళ్లు కాఫీ మాత్రం తీసుకున్నారు. ఆ తర్వాతివాళ్లు ఏదో మర్చిపోయామని వెనక్కి తిరిగారు. మా అమ్మ వంతు వచ్చేసరికి వెనక ఎవరూ లేరు. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మ ఖాళీ బుట్ట ఊపుకుంటూ నా చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది.

ఊరు రెండో ఏడు కూడా ఆపిల్ లేకుండా ఉంది. ఈసారి ఓడదీ కాదు, సమ్మెదీ కాదు తప్పు. పళ్లు అక్కడే ఉన్నాయి. మేం దుకాణం కిటికీకి ముక్కులు ఆనించి నిలబడేవాళ్లం. లోపల వాసన రోజురోజుకీ తియ్యగా, బరువుగా మారుతోంది. మాగిపోతున్నాయి.

"పాస్టర్ గారు కూడా ఇంత ఒప్పుకోలు అడగరు," అన్నాడు నాన్న భోజనం దగ్గర.

"పాస్టర్ గారి దగ్గర ఆపిల్ పళ్లు లేవు కదా," అంది అమ్మ.

"దుకాణం సహకార సంఘానిదే కదా, పెద్దాఫీసుకి చెప్తే?"

"ఎలా చెప్తావు, ఫోన్ చేసా?"

నాన్న దుంపల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

క్రిస్మస్ ముందు రోజు ఫిన్నా కొండవాలు దిగి వచ్చింది. బార్దుర్ పోయాక ఆవిడ దుకాణానికి రావడం తక్కువ. సామాను ఎవరిచేతనో తెప్పించుకునేది. ఆ వేళకి అమ్మా నేనూ కొవ్వొత్తుల కోసం వచ్చి ఉన్నాం. ఫిన్నా మమ్మల్ని చూసింది, మేం ఉన్నా ఫరవాలేదన్నట్టు తల ఊపింది, నేరుగా బల్ల దగ్గరికి వెళ్లింది.

"నేను విన్నాను," అంది.

పెద్దమ్మ చేతిలో ఉన్న తూకపు రాయి కింద పెట్టింది.

"ఏమని?"

"పంపకండి అని."

"పంపండి అనా, పంపకండి అనా?"

"పంపకండి. 'క' వినిపించింది నాకు. మా ఇల్లు తీగకి మొదట్లో ఉంది కదా."

పెట్టెలోంచి వాసన వస్తూనే ఉంది.

"మరి నాకు ఫోన్ చెయ్యలేదేం ఫిన్నా?"

"చేస్తే విన్నానని తెలిసిపోతుంది కదా." ఫిన్నా శాలువా అంచు వేలికి చుట్టుకుంటోంది. "నువ్వూ వినే ఉంటావనుకున్నాను. తర్వాత ఓగ్ముండుర్ ఫోన్ చేసి పడవ తీస్తున్నాం రా అన్నాడు. అప్పుడు తప్పు విన్నది నేనేనేమో అనుకున్నాను."

"బార్దుర్ అప్పుడింకా ఇంట్లోనే ఉన్నాడు."

"బూట్లు వేసుకుంటున్నాడు. వినడం మానేస్తానని ఆయనకి ఒట్టేశాను, ఆ శరత్కాలంలోనే. ఏంటే, ఏదో విన్న మొహం పెట్టావు అన్నాడు. లేదే అన్నాను." ఆవిడ శాలువా అంచు ఇంకా బిగించింది. "ఆయనతో నేనన్న ఆఖరి మాట అది. లేదే."

పెద్దమ్మ బల్ల ఇవతలికి వచ్చింది. నేను కొడుతుందేమో అనుకున్నాను. ఆవిడ ఫిన్నా శాలువా అంచు వేలి నుంచి విడదీసి, భుజం మీద సరిగ్గా కప్పింది. తర్వాత గోనెపట్టా తీసి పళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది. ఫిన్నా ఇంట్లో ఇప్పుడు ఒక్క తలే. పెద్దమ్మ రెండు తలల వాటా పెట్టింది. ఫిన్నా వద్దనలేదు.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. "అక్కా, నాకు 'సమ్మె' అని వినిపించింది. 'రేవులోనే' అని కూడా."

పెద్దమ్మ చెల్లెలి వైపు తిరగలేదు. "బుట్ట ఇలా పెట్టు," అంది.

కబురు ఎలా పాకిందో తెలియదు. ఫోన్ అయితే మోగలేదు. గంటలోపు బాట మీద బుట్టలు కనిపించాయి. ఒక్కొక్కరూ వచ్చి, బల్ల ముందు నిలబడి, తమ దగ్గరున్న ముక్క చెప్పి వెళ్లారు. ఒకరికి 'మేం ఆగడం' అన్నంతవరకే. ఒకరికి 'ఎక్కించలేదు'. ఆ 'లేదు' చెప్పినావిడ ఏడ్చింది. ఇంకొకరికి గరగర తప్ప ఏమీ లేదు, ఆ గరగరే చెప్పారు. చివర యోఆకిం వచ్చాడు.

"నాకు ఆపిల్ అన్న మాటొక్కటే వినిపించింది. అంతే చాలనిపించి పెట్టేశాను."

"చెవుడన్నావు?"

"ఆపిల్ అంటే వినపడుతుంది," అన్నాడు, కళ్లు ఎత్తకుండా.

అలా ఇంటింటి నుంచీ ఏరి తెచ్చిన మాటలు పెద్దమ్మ దుకాణంలో ఒకచోట చేరాయి. పడవ పంపకండి. ఆపిల్ పళ్లు ఎక్కించలేదు, సమ్మె వల్ల రేవులోనే ఉండిపోయాయి. మేం ఆగడం లేదు. ఊరంతా ఆ పళ్ల కబురు కోసం ఎత్తింది కాబట్టి ఆ కబురు ఎవరికీ అందలేదు. అందరికీ స్పష్టంగా వినపడింది, వాళ్లు వినాలనుకున్న ఒక్క మాటే. ఓడలో లేని పళ్ల కోసం వెళ్లారు వాళ్లిద్దరూ.

చంపింది తనే అని ఆవిడకి తేలింది ఆ రోజు. ఊరు ఏడాదిపాటు నోరు మూసుకున్నది సిగ్గుతోనా, ఆ మాట ఆవిడకి చేరకుండా కాపాడటానికా అంటే, రెండూ అనే నేను అనుకుంటాను. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. పళ్లన్నీ పంచేశాక, దెబ్బతిన్నవి నాలుగు తన ముందు మిగిలాక, ఇంకా గుమ్మంలో నిలబడి ఉన్నవాళ్లతో అంది.

"రేపు మధ్యాహ్నం నేను అందరి గంట మోగిస్తాను. ఎవరూ ఎత్తకండి."

అందరి గంట అంటే ఆపకుండా మోగించే పొడుగు గంట. అగ్నిప్రమాదానికీ, మనిషి తప్పిపోయినప్పుడూ మోగించేది. అది మోగితే పసిపిల్లని వదిలేసి అయినా ఎత్తాలి.

"ఎందుకు హల్బెరా?" ఎవరో అడిగారు.

"ఒక్కరికి చెప్పాలి. గొంతు తగ్గకూడదు."

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అది మోగింది. పొగబెట్టిన మాంసం బల్ల మీద ఉంది. నాన్న కత్తి పట్టుకుని ఆగిపోయాడు. అమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. మోగుతూనే ఉంది. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ మోగుతూనే ఉంది. ఒక్కరూ లేవలేదు. గంట ఆగాక కూడా చాలాసేపు ఎవరూ కత్తీ చెంచా కదపలేదు. అటువైపు తీగలో ఆవిడ మాట్లాడుతోందని అందరికీ తెలుసు. ఏం మాట్లాడిందో తెలియదు. మా ఫ్యోర్డ్‌లో ఎవరూ వినని ఫోన్ అదొక్కటే.

ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్లు దుకాణం నడిపింది. రోడ్డు వచ్చింది, సొరంగం వచ్చింది, లారీల్లో ఏడాది పొడుగునా ఆపిల్ పళ్లు వచ్చాయి, వాసన లేనివి. ఒక్కో ఇంటికీ వేరే తీగ వచ్చినప్పుడు పాత ఫోన్ పెట్టె ఊడదీయడానికి వచ్చిన మనిషిని ఆవిడ లోపలికి రానివ్వలేదు. తీగ కత్తిరించి వెళ్లిపోయాడు. పెట్టె గోడమీదే ఉండిపోయింది.

ఆఖరి శరత్కాలంలో నేను ఆవిడ దగ్గర కొన్నాళ్లున్నాను. కాఫీలో ముంచిన చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని, కిటికీలోంచి కొండముక్కు చూస్తూ కూర్చునేది. అన్నాళ్లూ అడగనిది అప్పుడు అడిగాను.

"ఆ రోజు ఏం చెప్పావు పెద్దమ్మా?"

"మేటు చెప్పింది మొత్తం. మళ్లీ మొదట్నుంచి. ఈసారి అన్ని అక్షరాలతో. తప్పు విన్నది నేనని కూడా."

"ఎవరూ ఎత్తలేదు కదా. మేమంతా కూర్చునే ఉన్నాం."

"ఒకరు ఎత్తారు." ఆవిడ కప్పు కింద పెట్టింది. "టక్‌మంది. నా గొంతు నా చెవిలో రవ్వంత కూడా తగ్గలేదు. గడియారం లేదు, కుక్క లేదు."

"ఏమన్నా అన్నాడా?"

ఆవిడ నా వైపు తిరిగి, ఎన్నో ఏళ్ల కిందట బల్ల వెనక నిలబడి నవ్వినట్టు నవ్వింది.

"వినేవాళ్లు ఎక్కడైనా మాట్లాడతారటే?"

గోడమీద ఆ పెట్టె ఉంది, తీగ లేకుండా. ఆవిడ దానివైపు చూసింది.

"ఎత్తిన చప్పుడు విన్నాను," అంది. "పెట్టేసిన చప్పుడే ఇంతవరకూ వినలేదు."